రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్ల కష్టం

2024 జులై 31 రాత్రి పారిస్ ఒలింపిక్స్‌లో చైనా కుర్రాడు పాన్ ఝాన్‌లె వంద మీటర్ల ఫ్రీస్టైల్‌ను 46.40 సెకన్లలో ఈదాడు. ప్రపంచ రికార్డు. రెండో స్థానంలో వచ్చిన ఆస్ట్రేలియా ఈతగాడు కైల్ చామర్స్ సెకనుకు పైగా వెనకబడ్డాడు. ఆ పోటీలో సెకను తేడా అంటే వినడానికే వింత. ఇంతకీ పాన్ వేగం ఎంత? లెక్క కడితే గంటకు 7.8 కిలోమీటర్లు. పొద్దున్నే హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ నింపాదిగా జాగింగ్ చేసే పెద్దమనిషి కూడా ఇంచుమించు అంతే వేగంతో పోతాడు. నేల మీద ఉసేన్ బోల్ట్ అదే వంద మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తాడు, గంటకు 37 కిలోమీటర్ల పైచిలుకు.

నీటి సాంద్రత గాలి కంటే దాదాపు 800 రెట్లు ఎక్కువ. ఈతగాడు ప్రతి అడుగూ ఆ బరువును పక్కకు నెట్టుకుంటూ వెళ్లాలి. పైగా నీరు పెట్టే అడ్డు వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఆ నిరోధాన్ని రెట్టింపు వేగంతో దాటాలి కాబట్టి ప్రతి సెకనుకూ ఖర్చయ్యే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఈత కోచింగ్‌లో ఉన్న చిక్కంతా ఈ ఎనిమిదిలోనే ఉంది. కొలను గట్టున నిలబడి ‘ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా’ అని అరిచే కోచ్ ఈ లెక్క ఎన్నడూ వేసి ఉండడు.

1922లో అమెరికా ఈతగాడు జానీ వైస్‌ముల్లర్ వంద మీటర్లను 58.6 సెకన్లలో ఈది, నిమిషంలోపు ఆ దూరం దాటిన తొలి మనిషి అయ్యాడు. తర్వాత సినిమాల్లో టార్జాన్ వేషం కట్టింది ఆయనే. పాన్ వేగం వైస్‌ముల్లర్ వేగం కంటే 26 శాతం ఎక్కువ. ఆ ఈత తీరు మారకుండా, కేవలం కండబలంతో ఆ 26 శాతం సంపాదించాలంటే రెండింతల శక్తి కావాలి. డైవ్, టర్నుల సంగతి పక్కనబెట్టి వేసిన మోటు లెక్కే ఇది, అయినా విషయం తెలుస్తుంది. వందేళ్లలో మనిషి గుండె, ఊపిరితిత్తులు రెండింతలు కాలేదు. టర్నులు, డైవ్‌లు, లేన్ల మధ్య అలల్ని మింగే తాళ్లు, కళ్లద్దాలు, శిక్షణ, అన్నీ మారాయి. అన్నిటికంటే ముఖ్యంగా నీటిలో ఒళ్లు ఉంచే తీరు మారింది. వైస్‌ముల్లర్ తల, ఛాతీ నీటిపైకి బాగా లేపి ఈదేవాడు. ఈనాటి కోచ్ ఎవరూ దాన్ని ఒప్పుకోరు.

మన ఊళ్లలో నడుముకు సొరబుర్రలో బెండ్లో కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నవాళ్లూ తల పైకెత్తే ఈదుతారు. మునగకుండా గట్టు చేరడమే అక్కడ పని కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే కాళ్లు వేలాడతాయి. అప్పుడు నీటికి ఎదురుగా నిలిచే ఒంటి వెడల్పు పెరుగుతుంది. అందుకే పోటీ ఈతలో మొదటి పాఠం చేతులది కాదు, మెడది. చూపు కిందికి, నడుము నీటి మట్టానికి, ఒళ్లు వేళ్ల కొస నుంచి మడమ దాకా ఒకే గీత. వేసవి శిబిరాలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ‘మావాడు ఇవాళ ఎన్ని ల్యాపులు కొట్టాడు?’ అని అడుగుతారు. గోడను తన్ని వదిలాక కదలకుండా ఎంత దూరం జారాడని అడిగేవాళ్లు నాకింకా తగల్లేదు. నిజానికి పిల్లవాడి ఈతను ఎక్కువగా చెప్పేది ఆ జారుడే.

ఒళ్లు సరిచేసుకున్నాక ముందుకు నెట్టే పని వస్తుంది. నీరు నేలలా గట్టిగా నిలబడదు. వెనక్కి తోస్తే అది కూడా వెనక్కి పోతుంది, మనం పెట్టిన శక్తిలో కొంత దాన్ని కదిలించడానికే సరిపోతుంది. నెదర్లాండ్స్‌లో హూబ్ టౌసాంట్ అనే పరిశోధకుడు ఈ నష్టాన్ని కొలిచారు. 1990లో వెలువడిన ఆయన అధ్యయనంలో పోటీ ఈతగాళ్లు నీటిని నెట్టే శక్తిలో 61 శాతం ముందుకు సాగడానికి పనికొచ్చింది. ట్రయాథ్లాన్ క్రీడాకారులకు 44 శాతమే దక్కింది. దమ్ములో రెండో గుంపు తీసిపోయినవాళ్లేమీ కాదు. ఈత, సైకిల్, పరుగు మూడూ చేసే ఉక్కు మనుషులు. వాళ్ల కష్టంలో సగానికి పైగా నీటిలో సుడులై పోయిందన్నమాట. అలాంటి మనిషికి కోచ్ ఇంకో రెండు కిలోమీటర్లు అదనంగా ఈదమని చెబితే ఏమవుతుంది? ఆ సుడులే ఇంకో రెండు కిలోమీటర్ల పొడవున లేస్తాయి.

ఈ నష్టం గట్టు మీది నుంచి కనిపించదు. అసలు పని నీటి అడుగున జరుగుతుంది, పైన కనబడేది నురుగు, మోచేతులు మాత్రమే. ఈ సంగతిని అందరికంటే గట్టిగా పట్టించుకున్నవాడు జేమ్స్ కౌన్సిల్‌మన్, అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ కోచ్. అందరూ ‘డాక్’ అనేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం నడిపి, తర్వాత డాక్టరేట్ చేసి, ఈతగాళ్లను నీటి అడుగు నుంచి సినిమా తీయడం మొదలుపెట్టాడు. 1968లో ఆయన రాసిన ‘ద సైన్స్ ఆఫ్ స్విమ్మింగ్’ కోచ్‌లకు పాఠ్యపుస్తకమైంది. 1968 నుంచి 1973 వరకు ఆరేళ్లు వరసగా ఆయన జట్టే అమెరికా కాలేజీల జాతీయ టైటిల్ గెలిచింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఏడు స్వర్ణాలు, ఏడింటిలోనూ ప్రపంచ రికార్డులు సాధించిన మార్క్ స్పిట్జ్ ఆయన దగ్గర ఈదినవాడే.

ఈతగాళ్ల వేళ్లకు చిన్న దీపాలు కట్టి, చీకటి కొలనులో ఈదించి, ఆ వెలుగుల జాడను ఫోటో తీశారు కౌన్సిల్‌మన్, ఆయన సహచరుడు. నేరుగా వెనక్కి పోతున్నాయనుకున్న చేతులు నిజానికి వంకరలు తిరుగుతూ, పక్కలకు కోసుకుంటూ పోతున్నాయి. దాని నుంచి ఆయన ఒక సిద్ధాంతం అల్లాడు: అరచెయ్యి విమానం రెక్కలా పనిచేస్తుంది, రెక్కను పైకి లేపే బలం లాంటిదే ఈతగాణ్ణి ముందుకు లాగుతుంది అని. విమానం నడిపిన మనిషికి రెక్క గుర్తుకు రావడం సహజమే అనిపిస్తుంది. 1970లలో ఎంతోమంది కోచ్‌లు పిల్లలకు నీటిలో ఇంగ్లిష్ అక్షరం ‘ఎస్’ గీయడం నేర్పింది ఈ సిద్ధాంతం చూసే.

తర్వాతి పరిశోధనలు ఆ సిద్ధాంతాన్ని వెనక్కి నెట్టాయి. ఫ్రీస్టైల్‌లో ముందుకు నెట్టే బలంలో పెద్ద వాటా అరచెయ్యి, ముంజేయి కలిసి నీటిని నేరుగా వెనక్కి తోయడం వల్లే వస్తుందని ఇప్పుడు ఎక్కువమంది అభిప్రాయం. మోచెయ్యిని ఎత్తులో నిలిపి, ముంజేతిని తెడ్డులా నిలువుగా దించమని నేటి కోచ్‌లు చెప్పేది అందుకే. వివరణ తప్పిపోయినా ఆయన తీసిన సినిమాలు తప్పు కాలేదు. కౌన్సిల్‌మన్ గొప్పతనం సిద్ధాంతంలో కాక, ఊహించుకోకుండా నీటి కిందికి వెళ్లి చూడడంలో ఉందని నా అభిప్రాయం. ఇవాళ జేబులో ఉన్న ఫోనును నీరు చొరని సంచిలో పెట్టి అదే పని చేయొచ్చు. చేసే కోచ్‌లు ఎంతమంది అన్నది వేరే సంగతి. ఇంకో మాట, 1979లో 58వ ఏట కౌన్సిల్‌మన్ తానే ఇంగ్లిష్ చానెల్ ఈదాడు. అప్పటికి ఆ జలసంధిని ఈదినవారిలో అందరికంటే పెద్దవాడు ఆయనే.

కౌన్సిల్‌మన్ నీటి కిందికి చూస్తే, డానియల్ చాంబ్లిస్ ఈతగాళ్ల దినచర్యలోకి చూశాడు. ఆయన సమాజశాస్త్రవేత్త, స్వయంగా ఒక చిన్న జట్టుకు కోచ్ కూడా. 1980లలో కాలిఫోర్నియాలోని మిషన్ వియాహో క్లబ్బులో, మార్క్ షూబర్ట్ శిక్షణలో ఉన్న ఒలింపిక్ స్థాయి ఈతగాళ్ల మధ్య గడిపి, 1989లో ఒక వ్యాసం రాశాడు. క్రీడాశాస్త్రం గురించి నేను చదివినవాటిలో ఇంత చప్పటి నిజాలతో ఇంత ఆశ్చర్యపరిచింది మరోటి లేదు. జిల్లా స్థాయి ఈతగాడు ఇంకా ఎక్కువ గంటలు ఈదితే జాతీయ స్థాయికి చేరడు అంటాడాయన. పై మెట్టులో ఉన్నవాళ్లు చేసే పనులే వేరు. టర్న్ వేరు, చెయ్యి వేసే తీరు వేరు, తిండి, నిద్ర, ప్రాక్టీసుకు వచ్చే వేళ, పక్క లేన్‌లో ఎవరితో ఈదుతున్నారన్నది, అన్నీ వేరే. ఒక్కొక్కటి తీసి చూస్తే ఏదీ అద్భుతం కాదు. ఎవరైనా చేయగలిగినవే. అవన్నీ అలవాటై, ఒకదాంతో ఒకటి కలిసి, ఏళ్ల తరబడి సాగితే బయటివాళ్లకు అది ‘ప్రతిభ’గా కనిపిస్తుంది.

చాంబ్లిస్ చెప్పిన ఉదాహరణల్లో మేరీ టి. మేయర్‌ది మరిచిపోలేం. కెంటకీ రాష్ట్రపు అమ్మాయి. పదమూడేళ్లప్పుడు జాతీయ పోటీలకు అర్హత సాధించింది, అప్పుడే ప్రపంచ రికార్డు కొట్టాలని నిశ్చయించుకుంది. అందుకని రెండు మార్పులు చేసుకుంది. ఒకటి, ప్రాక్టీసుకు వేళకు రావడం. రెండు, ప్రాక్టీసులో కూడా ప్రతి టర్న్‌నూ నిబంధన ప్రకారమే చేయడం. బటర్‌ఫ్లైలో గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలి. పోటీలో అందరూ తాకుతారు, లేకపోతే అనర్హత. ప్రాక్టీసులో మాత్రం అలసిన పిల్లలు ఒక చెయ్యి ఆనించి తిరిగిపోతారు, అడిగేవాళ్లుండరు. ఈ అమ్మాయి అలా తిరగడం మానేసింది, అంతే. 1979లో, పద్నాలుగేళ్లకే 200 మీటర్ల బటర్‌ఫ్లై ప్రపంచ రికార్డు ఆమెదైంది. 1981లో ఈదిన 2 నిమిషాల 5.96 సెకన్లను 2000 సంవత్సరం దాకా ఎవరూ దాటలేకపోయారు. 1980లో అమెరికా మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించడంతో నాలుగేళ్లు ఆగి, 1984 లాస్ ఏంజెలిస్‌లో మూడు స్వర్ణాలు అందుకుంది.

చాంబ్లిస్ ప్రతిభ అన్న మాటనే దాదాపు కొట్టిపారేస్తాడు. అక్కడ నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఎత్తు 193 సెంటీమీటర్లు, చాచిన చేతుల కొలత అంతకంటే ఎక్కువ, రెండు మీటర్లు. ఎంత క్రమశిక్షణ ఉన్నా చేతులు సాగవు. కానీ కోచ్ ఉద్యోగం దృష్టితో చూస్తే చాంబ్లిస్ మాటే పనికొస్తుంది. పిల్లవాడి ఎత్తు కోచ్ చేతిలో లేదు, టర్న్ ఉంది.

టర్న్ అన్నప్పుడు దాని తర్వాతి మాటా చెప్పాలి. నీటి పైభాగంలో ఈదే మనిషి తన ముందు అలను లేపుకుంటాడు. పెద్ద వేగంలో నిరోధంలో మంచి వాటా ఆ అలదే. అర మీటరుకు పైగా లోతున పోతే ఆ అల చాలావరకు లేవదు. 1988లో అమెరికా ఈతగాడు డేవిడ్ బెర్కాఫ్ ఇది గ్రహించి బ్యాక్‌స్ట్రోక్‌లో మొదటి కొలను పొడవులో చాలా భాగం నీటి కిందే, డాల్ఫిన్‌లా నడుము, కాళ్లు ఆడిస్తూ వెళ్లి ప్రపంచ రికార్డులు కొట్టాడు. ఈత పోటీ కాస్తా మునక పోటీ అవుతుందని భయపడ్డ అంతర్జాతీయ సమాఖ్య వెంటనే హద్దు గీసింది. ఇప్పుడు బ్రెస్ట్‌స్ట్రోక్ తప్ప మిగతా పోటీల్లో గోడ నుంచి 15 మీటర్లలోపు తల పైకి రావాలి. చాలామంది ఊపిరి చాలక పది మీటర్లకే తేలతారు. ఫ్రాన్స్ కుర్రాడు లియోన్ మర్షాన్ ఆఖరి టర్న్‌లో కూడా ఆ 15 మీటర్లనూ వాడుకుంటాడు. పాన్ రికార్డు కొట్టిన ఆ పారిస్ రాత్రే మర్షాన్ సుమారు రెండు గంటల తేడాతో 200 మీటర్ల బటర్‌ఫ్లై, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ రెండూ గెలిచాడు. ఆయన కోచ్ బాబ్ బౌమన్, అంతకుముందు ఫెల్ప్స్‌ను పదకొండేళ్ల వయసు నుంచి పెంచినవాడు. 2023లో ఫుకువోకాలో మర్షాన్ 400 మీటర్ల మెడ్లీలో బద్దలుకొట్టింది ఫెల్ప్స్ 2008 నాటి రికార్డునే. అలా బౌమన్ పాత శిష్యుడి రికార్డు ఆయన కొత్త శిష్యుడి చేతిలో పోయింది.

ఇక ఎన్ని కిలోమీటర్లు ఈదాలన్న పాత తగవు. పొద్దున్నా సాయంత్రమూ కొలనులో నానడం ఈతగాళ్ల జీవితంలో విధిరాతలా స్థిరపడిపోయింది. అమెరికాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కాస్టిల్ బృందం దీన్ని పరీక్షించింది. కాలేజీ ఈతగాళ్లలో ఒక గుంపు రోజుకు గంటన్నర ఒక్కపూటే ఈదింది. ఇంకో గుంపు సీజన్ మధ్యలో ఆరు వారాలు రెండు పూటలా గంటన్నర చొప్పున ఈదింది. 1991లో అచ్చయిన ఫలితం: సీజన్ చివర రెండు గుంపుల మధ్య మెరుగుదలలో తేడా లేదు. పైగా రెండుపూటల శిక్షణ సాగిన ఆ వారాల్లో వాళ్ల స్ప్రింట్ వేగం తగ్గింది. అయినా రెండుపూటల ఆచారం పోలేదు. దానికి కారణం పూర్తిగా మూర్ఖత్వం కాదు. 1500 మీటర్లు ఈదేవాడి అవసరం వేరు, యాభై మీటర్లవాడి అవసరం వేరు. బౌమన్ అయితే ఫెల్ప్స్‌ను కొన్నేళ్లపాటు ఆదివారాలు కూడా ఈదించాడు, ఏడాదికి 52 రోజులు అదనంగా దక్కుతాయని. కానీ ఫెల్ప్స్ ఆదివారాలను చూసి పదేళ్ల పిల్లల భుజాలు అరగదీసే కోచ్, ఫెల్ప్స్ మిగతా ఆరు రోజులూ ఎలా ఈదాడో చూడలేదనే అనుకోవాలి.

తగ్గించడం కూడా శిక్షణే. ఆస్ట్రేలియా కోచ్ ఫోర్బ్స్ కార్లైల్, సిడ్నీ ప్రొఫెసర్ ఫ్రాంక్ కాటన్ దశాబ్దాల కిందటే దీన్ని పద్ధతిగా మలిచారు. పోటీకి రెండు మూడు వారాల ముందు దూరం క్రమంగా తగ్గిస్తారు, వేగం మాత్రం తగ్గనివ్వరు. ఈతగాళ్లు దీన్ని ‘టేపర్’ అంటారు. నెలల తరబడి పేరుకున్న అలసట కరిగి, అప్పటిదాకా దాని కింద దాగిన శక్తి పైకి వస్తుంది. సిడ్నీ 2000 ఒలింపిక్స్‌కు ముందు మూడు వారాల్లో 99 మంది ఈతగాళ్లను పరిశీలిస్తే, సగటున 2.2 శాతం మెరుగుదల కనిపించింది. చిన్న అంకెలా ఉంటుంది. పాన్ సమయంలో రెండు శాతం అంటే దాదాపు ఒక సెకను. అదే పారిస్ ఫైనల్‌లో రెండో స్థానానికీ మూడో స్థానానికీ తేడా సెకనులో వందో వంతు. కష్టపెట్టడం కంటే విశ్రాంతి ఇవ్వడానికే కోచ్‌కు ఎక్కువ గుండె ధైర్యం కావాలి. ఓడిపోతే ‘ఆ చివరి రెండు వారాలూ ఊరికే వదిలేశాడు’ అంటారు కదా.

మనసుకు ఇచ్చే శిక్షణ గురించి నానా కబుర్లు వినిపిస్తాయి. వాటిలో నేను నమ్మేది ఒకటి. ఫెల్ప్స్‌కు ప్రతి రాత్రీ రేసు మొత్తం, మొదటి దూకుడు నుంచి చివరి స్పర్శ దాకా, కళ్లు మూసుకుని చూడడం బౌమన్ అలవాటు చేశాడు. సజావుగా సాగిన రేసు మాత్రమే కాదు, చెడిపోయిన రేసు కూడా. ఒకసారి ఆస్ట్రేలియాలో కావాలనే శిష్యుడి కళ్లద్దాల మీద కాలేసి బీటలు కొట్టానని తర్వాత బౌమనే చెప్పాడు. 2008 బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో దూకగానే ఫెల్ప్స్ కళ్లద్దాల్లోకి నీరు చేరింది. చివరికి గోడ కూడా కనిపించలేదు. ఆఖరి పొడవుకు ఎన్ని చేతులు పడతాయో ముందే తెలుసు కాబట్టి లెక్కపెట్టుకుంటూ ఈది, 1 నిమిషం 52.03 సెకన్ల ప్రపంచ రికార్డుతో గోడ తాకాడు. కళ్లద్దాలు తొక్కే విద్య ప్రతి బిడ్డకూ నప్పుతుందని నేననను. చేతులు లెక్కపెట్టించడం మాత్రం ఖర్చులేని పని.

కోచ్‌లందరి చరిత్రా ఇంత శుభ్రంగా ఏమీ లేదు. 1976 మాంట్రియల్‌లో మహిళల ఈతలో 13 స్వర్ణాలకు 11 తూర్పు జర్మనీ పట్టుకుపోయింది. విటమిన్లని చెప్పి చిన్నపిల్లల చేత మింగించినవి పురుష హార్మోన్ల మాత్రలని బెర్లిన్ గోడ కూలాక కాగితాలతో సహా బయటపడింది. ఆ కార్యక్రమాన్ని నడిపించిన క్రీడాధికారి మన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను 2000లో బెర్లిన్ కోర్టు దోషిగా తేల్చింది. ఆ అమ్మాయిల్లో కొందరి ఆరోగ్యం అప్పటికే చెడిపోయింది. వాళ్ల కోచ్‌ల స్టాప్‌వాచ్‌లు తప్పు చూపించలేదు. సమయాన్ని తప్ప మరి దేన్నీ కొలవకపోతే కోచింగ్ ఎక్కడిదాకా పోగలదో ఆ దేశం చూపించింది.

ఇక మన సంగతి. మన దేశంలో ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే ‘ఎ’ ప్రమాణాన్ని అందుకున్న మొదటి ఈతగాడు కేరళకు చెందిన సజన్ ప్రకాశ్. పోటీ మళ్లీ 200 మీటర్ల బటర్‌ఫ్లైయే. కరోనా కాలంలో కొలనులు మూతబడి, మెడ గాయంతో బాధపడి, దుబాయ్‌లో కోచ్ ప్రదీప్ కుమార్ దగ్గర తిరిగి ఈత అందుకున్నాడు. 2021 జూన్‌లో రోమ్‌లో 1 నిమిషం 56.38 సెకన్లలో ఈదాడు. కావలసింది 1 నిమిషం 56.48 సెకన్లు. మిగిలింది సెకనులో పదో వంతు. ఆ వేగంలో సెకనులో పదో వంతు అంటే 17 సెంటీమీటర్లు. యాభై మీటర్ల కొలనులో 200 మీటర్లకు మూడు టర్నులుంటాయి. ఆ 17 సెంటీమీటర్లను మూడు టర్నులకూ పంచితే ఒక్కోదానికి ఆరు సెంటీమీటర్లు కూడా రాదు.